జాజికాయ, పద్నాలుగు చుట్లు

మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది గానీ దాని రంగు ఏమిటని ఇప్పుడు అడిగితే చెప్పలేను. మనవరాలు పుట్టిన నాటి నుంచి మా అమ్మాయి ఆ తలుపు మీద కాగితాలు అతికిస్తూనే ఉంది. టీకాల కాగితం, బరువు కాగితం, ఎన్నింటికి పాలు తాగింది, ఎన్నింటికి గుడ్డ తడిపింది, ఏ రంగులో తడిపింది... అన్నీ మరాఠీలోనే. మా అమ్మాయి చదివింది మరాఠీ బడిలో మరి. దాని మాట తెలుగు, రాత మరాఠీ, కోపం రెండింట్లోనూ. ఆ కాగితాలన్నిటికీ పైన, కళ్లజోడు పెట్టుకోకపోయినా నాకు కనబడేంత లావు అక్షరాలతో, ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక హెచ్చరిక ఉండేది: పాపకు ఎవరూ ఏమీ పెట్టకూడదు.

ఆ హెచ్చరిక ఊరికే పుట్టలేదు. పసిపిల్లలకు వచ్చే చిన్నాచితకా జబ్బులు ఏ పుస్తకంలోనైనా ఓ పది పేజీలు ఉంటాయేమో. మా మనవరాలు ఆ పది పేజీలనూ మూడు నెలల్లో ముగించి వెనక అట్ట మీదికి వచ్చేసింది. మొదట ఎక్కిళ్లు. పాప ఎక్కిళ్లు పెడితే ఉయ్యాల ఊగేది, ఉయ్యాల ఊగితే కొక్కెం ఊగేది, కొక్కెం ఊగితే పైనున్న స్లాబు ఊగేది. మా ఆవిడ తెల్ల నూలుపోగు తడిపి పాప నడినెత్తిన అంటించింది. మేమంతా ఆజీ అని పిలిచే పక్కింటి మరాఠీ అవ్వ వచ్చి, పోగు ఎర్రగా ఉండాలని దాన్ని పీకి ఇంకోటి అంటించింది. ఎక్కిళ్లు వాటంతట అవే ఆగాయి. ఘనత ఏ పోగుదన్న తగువు మాత్రం ఇప్పటికీ ఆగలేదు.

తరువాత పాప నెత్తి మీద పసుపు రంగు పొక్కులు కట్టాయి. చాలామంది పిల్లలకు వచ్చేదేనని, కాస్త నూనె రాసి మెత్తటి దువ్వెనతో దువ్వితే పోతుందని డాక్టరమ్మ చెప్పింది. పోయింది కూడా. కానీ అది పోయేలోపల మా ఇంటికి ఏడు రకాల నూనెలు నడిచి వచ్చాయి. పాపను ఎత్తుకోబోతే తడి సబ్బులా చేతుల్లోంచి జారేది. ఆ పైన టీకా జ్వరం వచ్చింది. తాగిన పాలు తాగినట్టే నా చొక్కా మీదికి కక్కడం మొదలైంది. ఎండలు ముదిరాక, మెడ మడతల్లో చెమటకాయలు వేశాయి. మా చంద్రపూర్ ఎండల్లో గొడ్డళ్లకే చెమట పడుతుంది, పసిదాని మెడ ఎంత!

వీటన్నిటికీ మించింది ఏడుపు. నేను సాస్తి బొగ్గు గనిలో పనిచేస్తాను. అక్కడ బొగ్గు పేల్చే ముందు సైరన్ మోగిస్తారు, చుట్టుపక్కల జనం తప్పుకుంటారు. మా మనవరాలు సైరన్ లేకుండానే పేలేది. ఒకసారి పేలితే బాబుపేట్‌లో మా సందు మొత్తం కిటికీలు వేసుకునేది. గనిలో నాది టైం ఆఫీసు. ఎవడు డ్యూటీకి వచ్చాడు, ఎవడు రాలేదు, ఎవడు రాకుండానే వచ్చానంటున్నాడు, ఇదే నేను పాతికేళ్లుగా రాస్తున్న లెక్క. అబద్ధం చెప్పేవాణ్ణి వాడు నోరు తెరవకముందే పట్టేస్తానని మా ఆఫీసులో నాకు పేరు. ఈ విద్య గురించి ముందుముందు సిగ్గుపడవలసి ఉంది కాబట్టి ఇప్పుడే చెప్పి పెడుతున్నాను.

చంద్రపూర్‌లో డాక్టర్లు తక్కువని ఎవరైనా అంటే నమ్మకండి. మా సందు మొదటి నుంచి చివరిదాకా నడిస్తే నూట నలభై మంది తగులుతారు. పాలు పోసేవాడు డాక్టరు. గ్యాస్ బండ తెచ్చేవాడు డాక్టరు. హాజరు వేయించుకోవడానికి నా కిటికీ దగ్గరికొచ్చిన డంపర్ ఆపరేటర్ ఒకడు, వెనక ముప్ఫై మంది నిలబడి తిడుతున్నా, పిల్లల కడుపునొప్పికి ఇంగువ ఎలా రాయాలో నాకు పూర్తిగా బోధించి గానీ కదల్లేదు. బొడ్డు మీద కుడి నుంచి ఎడమకట. ఎడమ నుంచి కుడికి రాస్తే ఏమవుతుందని అడిగాను. వాడు నన్ను జాలిగా చూశాడు.

ఇలా నాలుగో నెల వచ్చింది. మే నెలతో పాటు పాపకు విరేచనాలు కూడా వచ్చాయి.

మొదటి రోజే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. వయసులో మా అమ్మాయికన్నా ఓ నాలుగేళ్లు పెద్దదేమో. ఆమె మాట్లాడేది మరాఠీ, నేను తెలుగులో చెబుతున్నాను.

“రోజుకు ఎన్నిసార్లు?”

అమ్మాయి తొమ్మిది అంది. మా ఆవిడ ఇరవై అంది. నేను నూరు అనుకున్నాను గానీ పైకి అనలేదు.

డాక్టరమ్మ పొట్ట నొక్కింది, నాలుక చూసింది, నడినెత్తి తడిమింది. భయం లేదంది. తల్లిపాలు మానొద్దు, ఇంకా ఎక్కువసార్లు పట్టండి. విరేచనం అయినప్పుడల్లా ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా స్పూనుతో తాగించండి. జింక్ చుక్కలు రోజుకొకసారి. “పాప మత్తుగా పడి ఉన్నా, పాలు తాగకపోయినా, ఆరు గంటలు గుడ్డ తడవకపోయినా, నోరు ఎండినా, నడినెత్తిన గుంట పడినా, ఏమీ ఆలోచించకుండా ఎత్తుకుని రండి. ఇవి తప్ప పాపకు ఇంకేమీ పెట్టొద్దు.”

“ఇంట్ల అరగదీసి పోసేటియి?” అంది మా ఆవిడ.

“అవి కూడా వద్దు.”

“వాసనకు జరంత...”

“వాసనకు కూడా వద్దు అమ్మా.”

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మా ఆవిడ నా చెవిలో అంది: “గీ డాక్టరమ్మకు పిల్లలు లేరు గావచ్చు.”

మా అమ్మాయి చెవులు పాము చెవులు. “అమ్మా, ఇద్దరున్నరు ఆమెకు. చెప్తున్న విను. ఎవ్వలూ, ఏందీ ఇయ్యద్దు. బాపూ, నీక్కూడ చెప్తున్న.”

“నాకెందుకే చెప్తున్నవ్? నాకేం తెలుస్తది గవన్నీ?” అన్నాను. ఆ క్షణానికి అది నిజమే.

ఇంటికి రాగానే డాక్టరమ్మ చెప్పిన గుర్తులన్నీ వరసగా రాసి ఫ్రిజ్‌కి అతికించింది. తరువాత వంటింట్లోకి వెళ్లి సానరాయి తీసుకొచ్చి, నా ముందే కుర్చీ వేసుకుని ఎక్కి బీరువా మీద పెట్టేసింది.

ఆ సానరాయి గురించి కాస్త చెప్పాలి. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న అరచేతి వెడల్పు గుండ్రాయి అది. దాని మీద ఆమె అమ్మమ్మకు అరగదీశారు, అమ్మకు అరగదీశారు, ఆమెకు అరగదీశారు, మా అమ్మాయికీ అరగదీశారు. నడుమ గుంట పడి, అందులో బాతులు ఈదేంత అయింది. వస, కరక్కాయ, జాజికాయ, ఏదైనా సరే, రెండు చుక్కల తల్లిపాలు వేసి రాతి మీద తిప్పుతారు. మోతాదు చుట్ల లెక్క. పక్కింటి ఆజీ కూడా అదే పని చేస్తుంది, కాకపోతే మరాఠీలో. సానను ఆమె సహాణ్ అంటుంది, చుట్లను వేఢే అంటుంది. ముప్ఫై ఏళ్లుగా గని కార్మికుల ఇళ్ల మధ్య ఉండి మా తెలుగంతా నేర్చుకుంది గానీ, జాజికాయ ఎన్ని చుట్లు తిప్పాలన్న విషయంలో మాత్రం మా ఆవిడతో రాజీపడలేదు. మా ఆవిడ మూడంటుంది. ఆజీ నాలుగంటుంది. ఈ ఒక్క చుట్టు మీద ఈ రెండు ఇళ్లూ కలిసి తాగిన చాయ్‌లు ఇరాయి డ్యాంలో పట్టవు.

రెండో రోజు విరేచనాలు కాస్త తగ్గాయి, ఏడుపు పెరిగింది. రెండు రాత్రులుగా కునుకు లేక మా అమ్మాయి నడుస్తూ నడుస్తూ గోడకు క్షమాపణ చెప్పింది.

మూడో రోజు నాకు వారపు సెలవు. పొద్దున పది గంటలకు కరెంటు ఉంది, కూలర్ తిరుగుతోంది, ప్రపంచంలో ఇక కావలసిందేమీ లేదు, ఒక్క నిశ్శబ్దం తప్ప. మా అమ్మాయి పాపను నా చేతిలో పెట్టింది.

“బాపూ, జర పండుకుంట. కండ్లు గుంజుతున్నయ్. పాలకు లేస్తే నన్ను లేపు. అప్పటిదాక ఏం ఇయ్యకుర్రి.”

“ఏమిస్తమే మేము! పో, పండుకో.”

అది అటు వెళ్లింది, ఇది ఇటు ఏడుపు మొదలెట్టింది. నేను భుజాన వేసుకుని తిప్పాను. ఒళ్లో వేసుకుని ఊపాను. గనిలో కార్మిక నాయకులు చేసే ప్రసంగం ఒకటి పూర్తిగా వినిపించాను. పాప మొహం ఎర్రగా కందింది, తరువాత వంకాయ రంగుకు వచ్చింది. ఇంకో రంగు చూసే ధైర్యం నాకు లేకపోయింది. అప్పుడు నా కళ్లు బీరువా మీదికి పోయాయి.

జాజికాయ విరేచనాలను కట్టిస్తుంది, నిద్రా పట్టిస్తుంది. ఈ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను. వద్దన్నది ఆడవాళ్లను కదా, వాళ్లు మోతాదు లేకుండా పోస్తారని భయం, నేను లెక్కలు రాసే మనిషిని అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పాపను ఉయ్యాల్లో వేసి, కుర్చీ ఎక్కి రాయి దించాను. రాయి తడిగా ఉంది.

ఇక్కడే ఆగి ఆలోచించి ఉండవలసింది. బీరువా మీద మూడు రోజులుగా ఎవరూ ముట్టని రాయి తడిగా ఎందుకుంటుంది? ఇదే ప్రశ్న గనిలో ఎవడి హాజరు మీదైనా వచ్చి ఉంటే రిజిస్టరు తిరగేసి, వాణ్ణి పిలిపించి, చెమటలు పట్టించేవాణ్ణి. ఇంట్లో మాత్రం, కూలర్ తుంపర పడి ఉంటుందిలే అనుకున్నాను. కూలర్ అసలు ఆ గదిలోనే లేదు.

తల్లిపాలు అడిగితే అమ్మాయి లేచి కూర్చుంటుంది కాబట్టి ఓఆర్ఎస్ రెండు చుక్కలు వేసి జాజికాయ తిప్పాను. టన్నుల లెక్కలు రాసే చేతికి మూడు చుట్లంటే అవమానంగా తోచింది. ఏడు తిప్పాను. వేలితో తీసి పాప నాలుకకు రాశాను. రాయి కడిగి, తుడిచి, ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

అరగంటలో ఇల్లు ఆగిపోయింది. అంతటి నిశ్శబ్దం మా ఇంట్లో గృహప్రవేశానికి ముందు ఉండి ఉంటుంది, ఆ తరువాత ఇదే. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఉయ్యాల్లోకి చూసి, తనలో తాను నవ్వుకుని, అడగకుండానే నాకు అల్లం చాయ్ ఇచ్చింది. గోడ అవతలి నుంచి ఆజీ వచ్చి, ఉయ్యాల్లోకి చూసి, అదే రకంగా నవ్వుకుంది. నేనూ నవ్వుకున్నాను.

“డాక్టరమ్మ మందు మంచిగ పని చేసింది,” అంది మా ఆవిడ.

“ఖరంచ్! చాంగ్లీ డాక్టర్,” అంది ఆజీ. నిజమేనట, మంచి డాక్టరట.

“నేను ముందుగాలే చెప్పిన గద,” అన్నాను నేను.

ముగ్గురమూ వారం రోజుల్లో మొదటిసారి ఒక మాట మీద ఉన్నాం. అది చూసైనా అనుమానం రావలసింది.

ఒంటిగంటకు మా అమ్మాయి లేచి పరుగున వచ్చింది. పాలు నిండి జాకెట్టు తడిసిపోయింది. “ఇంతసేపు పండుకుంటే లేపరా?” అంటూ పాపను ఎత్తుకుంది. పాప తల వెనక్కి వాలింది. రొమ్ము నోటికి అందిస్తే పెదవులు కదిపి వదిలేసింది. అరికాలు గిల్లింది. పాప కళ్లు సగం తెరిచి, ఎవరో పిలిచారు గానీ తనను కాదన్నట్టు మళ్లీ మూసుకుంది. అమ్మాయి గుడ్డ తడిమి చూసింది. పొడిగా ఉంది. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, తన చేత్తో రాసినవే, వేలు పెట్టి ఒక్కొక్కటే పైకి చదివింది. మత్తు. పాలు తాగకపోవడం. పొడి గుడ్డ.

“బాపూ, ఆటో!” అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆటోలో మా అమ్మాయి, దాని ఒళ్లో పాప, పక్కన మా ఆవిడ, ఎవరూ రమ్మనకుండానే ఎక్కిన ఆజీ. నేను డ్రైవర్ సీటు మీద సగం, గాలిలో సగం. బయట ఎండ ఎలా ఉందంటే రోడ్డు మీద కాకులు నీడ కోసం ఒకదాని కిందికొకటి దూరుతున్నాయి. వెళ్లి వెళ్లి రైల్వే గేటు దగ్గర ఆగిపోయాం. గేటు పడింది. బొగ్గు రైలు.

మా బొగ్గే. ఏ గనిలో ఏ షిఫ్టు వాళ్లు తవ్విందో, ఎవరెవరి హాజరు నేను రాసి పంపిందో, డబ్బా తరువాత డబ్బా, ఈ లోకంలో ఉన్న బొగ్గంతా ఆ పూటే తరలిపోతున్నట్టు నా ముందు నుంచి తీరిగ్గా పోతోంది. లోపల ఒక మాట గొంతు దాకా వచ్చి కూర్చుంది. వెనక్కి తిరిగి, “బిడ్డా, నేనొక...” అన్నాను. సరిగ్గా అప్పుడే ఇంజను కూత పెట్టింది. చెవులు చిల్లులు పడే కూత. ఆటో డ్రైవర్ ఉలిక్కిపడ్డాడు, ఆజీ రెండు చెవులూ మూసుకుంది.

పాప కదల్లేదు. స్పూను కింద పడితే ఇల్లు ఎత్తి కుదేసే పిల్ల, ఆ కూతకు కనురెప్ప కూడా కదపలేదు.

మా అమ్మాయి ఆ మొహం వంకే చూస్తోంది. నా మాట మళ్లీ లోపలికి పోయింది.

డాక్టరమ్మ పాపను బల్ల మీద పడుకోబెట్టి, కళ్లలో లైటు వేసి చూసింది. గుండె విని, మళ్లీ విని, గడియారం చూస్తూ ఇంకోసారి విన్నది. జ్వరం లేదంది. గుండె మాత్రం చాలా వేగంగా కొట్టుకుంటోందంది. అప్పుడు తలెత్తి అడిగింది.

“ఏమైనా పెట్టారా?”

“లేదు మేడం,” అంది మా అమ్మాయి. “మీరు రాసిందే. మా ఇంట్లో ఎవరూ ఏమీ పెట్టరు. నేను చెప్పాను.”

డాక్టరమ్మ మా ముగ్గురి వంకా చూసింది. “ఏమీ?”

“ఏం లే,” అంది మా ఆవిడ.

“కాహీ నాహీ,” అంది ఆజీ. అదీ ఏం లేదనే.

నేను నోరు తెరిస్తే గాలి వచ్చింది.

“సరే,” అంది డాక్టరమ్మ నర్సుతో. “చేర్చుకోవాలి. రక్తం తీయండి. మెదడుకు ఇన్ఫెక్షన్ ఏమైనా అయి ఉండొచ్చు. అవసరమైతే వెన్నులోంచి నీళ్లు తీసి చూడాలి.”

నాలుగు నెలల వెన్ను. నా చూపుడు వేలంత ఉంటుంది.

“ఆగుండ్రి మేడం,” అన్నాను. నా గొంతు నాకే ఎక్కడో అవతల గదిలోంచి వినబడింది. “జాజికాయ ఇచ్చిన. నేనే. పదిగంటలకు.”

మా అమ్మాయి నా వైపు తిరగలేదు. అదే కష్టంగా ఉంది, తిరిగి ఉంటే బాగుండేది. తిరిగింది మా ఆవిడ. కళ్లు రెండూ చేటలంత చేసి, “నువ్వు గూడనా?” అంది.

ఆ ‘గూడ’ అన్న మాట బల్ల మీద పడి దొర్లింది. అందరం దాని వంకే చూశాం.

“అమ్మా?” అంది మా అమ్మాయి.

“నువ్వు తానం చేస్తుంటే...” మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఎనిమిదింటికి. మూడే చుట్లు. పిల్ల తంటాలు పడుతుంటే చూడలేక...”

డాక్టరమ్మ కలం కింద పెట్టి, ఆజీ వైపు చూసింది. ఆజీ గోడ మీది బొమ్మను చూస్తోంది. తల్లి పాలు పట్టిస్తున్న బొమ్మ. చాలా శ్రద్ధగా చూస్తోంది.

“ఆజీ?” అన్నాను నేను.

“అరే భావూ, నాకేం ఎరుక!” అని ఆజీ ఒక్కసారి మొదలెట్టింది. “పోరి గుడ్డలు ఆరేయ మీదికి పోయింది. లేకరు, పసిది, ఏడుస్తుంది. మీ బాయి మూడంటది, మూడుతోని ఏమైతది? చార్ వేఢే తిప్పిన. చారే. జాస్తి నాహీ. రాయి మంచిగ కడిగే పెట్టిన!”

తడి. నేను కూలర్ ఖాతాలో రాసిన తడి.

“మీరు ఎన్ని?” అని డాక్టరమ్మ నన్ను అడిగింది.

“ఏడు.”

“ఏడా!” అన్నారు మా ఆవిడా, ఆజీ ఒక్క గొంతుతో. ఇన్నేళ్లలో ఒక లెక్క మీద వాళ్లిద్దరూ ఏకమవడం అదే మొదటిసారి.

“రెండు గంటల్లో పద్నాలుగు,” అంది డాక్టరమ్మ. “నాలుగు నెలల పిల్లకు. అది మసాలా అనుకుంటారు మీరు. ఎక్కువైతే మత్తు, గుండె దడ. ఫిట్స్ కూడా వస్తాయి. వద్దంటే విన్నారు, తలూపారు, ముగ్గురికి ముగ్గురూ పెట్టారు. ఇంకో ఇద్దరు ఎవరైనా బయట ఉన్నారా?” అని నిజంగానే తలుపు వైపు చూసింది. తరువాత గొంతు తగ్గించి నాతో అంది: “మీరు చెప్పారు కాబట్టి ఆ సూది ఇప్పుడు వద్దు. కాస్త ముందు చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.”

పాప చేతికి బుల్లి సూది పెట్టి సెలైన్ ఎక్కించారు, కాలికి తీగ కట్టి మిషన్‌కు కలిపారు. గుండె దడ తగ్గి, పాప లేచి పాలు తాగేదాకా ఇక్కడే అన్నారు. మమ్మల్ని ముగ్గురినీ బయట బల్ల మీద కూర్చోబెట్టారు. హెడ్మాస్టర్ గది ముందు కూర్చున్నట్టు వరసగా కూర్చున్నాం.

తరువాత ఆజీ, “మూడు ఇస్తే ఏం గాదు. నాలుగిస్తే గూడ ఏం గాదు,” అంది గాలితో.

“మరి పొద్దుగాల నన్ను అడగద్దా నువ్వు, ఇచ్చినవా అని?” అంది మా ఆవిడ.

“నువ్వు నాకు చెప్పినవా?”

“నేను నీకెందుకు చెప్త, నువ్వు నా బిడ్డకు చెప్తవని!”

“మీ కశాలా సాంగూ!” తానెందుకు చెబుతానని ఆజీ బల్ల చరిచింది.

లోపలి నుంచి నర్సు ‘ష్’ అంది. అందులోనే ఉంది మా తప్పంతా. దొంగతనం చేసేది ఇంట్లో నేనొక్కడినేనని నేననుకున్నాను. తానొక్కతేనని మా ఆవిడ అనుకుంది. ఆజీ కూడా అంతే. మిగతా ఇద్దరూ బుద్ధిమంతులన్న నమ్మకం ఉంటే తప్ప ముగ్గురూ అంత ధైర్యం చేసి ఉండరు.

మా అమ్మాయి ఒక్కసారి బయటికొచ్చింది. నా ముందు నిలబడింది.

“బాపూ, గనిల దినాం ఎంతమందిని పడ్తవ్ నువ్వు?”

“మస్తుమందిని పడ్త.”

“గేటు కాడ చెప్పరాదా? అంతసేపు నిలవడ్డది ఆటో.”

“రైలు కూత పెట్టింది,” అన్నాను. పాతికేళ్లలో నా కిటికీ ముందు నిలబడి ఎవరూ ఇంత చేతకాని సాకు చెప్పలేదు. అది ఒక్క క్షణం చూసి లోపలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. తిట్టే ఓపిక కూడా మిగల్లేదు దానికి.

నాలుగున్నరకు నర్సు తలుపు తీసి, “గుడ్డ తడిపింది,” అంది. ముగ్గురం లేచి నిలబడ్డాం. మా ఆవిడ ఆజీ చెయ్యి పట్టుకుంది, ఆజీ నా చొక్కా పట్టుకుంది. ఒక పసిపిల్ల ఉచ్చ పోసిందన్న వార్తకు ఇంతమంది ఏడవడం ఆ ఆసుపత్రిలో చూసి ఉండరు.

అయిదు దాటాక ఆ గదిలోంచి ఒక చప్పుడు వచ్చింది. మొదట పిల్లికూనలా. తరువాత బిగుసుకున్న కప్‌బోర్డు తలుపు లాగినట్టు. ఆ పైన సైరన్ లేకుండా పేలింది. కిటికీ అద్దాలు మోగాయి, వరండాలో ఒకాయన చేతిలోని రిపోర్టులు జారిపోయాయి, బయట స్కూటర్లు వాటంతట అవే స్టార్టయ్యాయంటే నమ్మండి, నమ్మకపోతే మానండి. వారం రోజులుగా ఏ ఏడుపు ఆగితే చాలని నేను లేని దేవుళ్లకు కూడా మొక్కానో, అదే ఏడుపు. పిల్ల ఆగి, పాలు తాగి, మళ్లీ మొదలెట్టింది. ఎంతసేపైనా ఏడవనీ అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆ మాట వెనక్కి తీసుకున్నాను, అది వేరే సంగతి.

రాత్రికి అక్కడే ఉంచి మర్నాడు పంపించారు. విరేచనాలు ఇంకో రెండు రోజులకు, డాక్టరమ్మ చెప్పినట్టే, ఓఆర్ఎస్‌తోనూ జింక్‌తోనూ తల్లిపాలతోనూ తగ్గిపోయాయి. ఇంత సాదాగా తగ్గడం మా ముగ్గురికీ కాస్త చిన్నతనంగానే అనిపించింది.

ఇంటికి రాగానే మా అమ్మాయి సానరాయిని దించింది. విసిరేస్తుందనుకున్నాం, మా ఆవిడ కళ్లు అప్పుడే తడిశాయి. విసరలేదు. హాల్లో కూలర్ ఒక కాలు పొట్టి. ఇన్నాళ్లూ దాని కింద అట్టముక్కలు మడిచి పెడుతుండేవాళ్లం. అమ్మాయి అట్టలు తీసేసి, ఆ కాలి కింద సానరాయిని తోసింది. బాతులు ఈదే గుంటలో కూలర్ కాలు చక్కగా కుదురుకుంది. ఇప్పుడు దాన్ని ఎవరైనా తీయాలంటే కూలర్ ఒరుగుతుంది, నలభై లీటర్ల నీళ్లు ఇల్లంతా పారతాయి, దొంగ ఎవరో ఊరికంతా తెలుస్తుంది. జాజికాయ ఎక్కడ పెట్టిందో ఇప్పటికీ నాకు తెలియదు. నేను అడగను కూడా.

ఫ్రిజ్ మీద ఇంకో కాగితం వచ్చింది. అందులో మూడు గడులు. తాత, అమ్మమ్మ, ఆజీ. రోజూ సాయంత్రం ఎవరి గడిలో వాళ్లు పాపకు ఏం పెట్టారో రాసి సంతకం చెయ్యాలి. ఆజీ కూడా గోడ దాటి వచ్చి చేస్తుంది. పాతికేళ్లుగా ఊరందరి హాజరూ నేను రాస్తే, ఇప్పుడు నా హాజరు మా అమ్మాయి రాయించుకుంటోంది. ‘ఏమీ పెట్టలేదు’ అని రాసి, కింద సంతకం పెట్టి, అది తల ఊపేదాకా అక్కడే నిలబడతాను. గనిలో నా కిటికీ ముందు జనం ఎందుకంత నీళ్లు నములుతారో ఈ మధ్యే తెలిసింది.

మొన్న సాయంత్రం సంతకాలవుతుండగా పాపకు ఎక్కిళ్లు వచ్చాయి. ఉయ్యాల ఊగింది. కొక్కెం ఊగింది. మా ఆవిడ చెయ్యి దానంతట అది చీర కొంగులో పోగు కోసం వెతికి ఆగిపోయింది. ఆజీ నోరు తెరిచింది. “పోరీ, జర ఒక్క...” అంది.

మా అమ్మాయి పెన్ను పట్టుకుని తల తిప్పి చూసింది.

“ఒక్క చాయ్ పెట్టు,” అంది ఆజీ.

నలుగురం నిలబడి ఎక్కిళ్లు లెక్కపెట్టాం. ఇరవై ఆరో దాని దగ్గర అవే ఆగాయి. మా అమ్మాయి నా గడిలోది కొట్టేసి మళ్లీ రాయమంది. కూలర్ కాలి వంక చూస్తూ రాయడంలో అక్షరాలు గడి దాటిపోయాయట.